పడవ, కరెంటు, కాగితం: థాయ్ దీవుల్లో నెలల తరబడి ఉండేవాళ్ల కథ

కొబ్బరి చెట్ల మధ్య ఉయ్యాల, ఒళ్లో లాప్‌టాప్, ఎదురుగా నీలం సముద్రం. ఈ రీల్ మీ ఫీడ్‌లోకి ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. చూసిన ప్రతి సాఫ్ట్‌వేర్ బుర్రలో ఒకటే ప్రశ్న: "అక్కడే ఆరు నెలలు ఉండి పని చేసుకుంటే ఎలా ఉంటుంది?" వీసా ఎలా అప్లై చేయాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి అది వదిలేద్దాం. ఆ దీవుల్లో నెలల తరబడి ఉండటం అనేది ఎప్పుడు మొదలైంది, రోజు ఎలా గడిచేది, అది ఎవరి బతుకుని ఎలా మార్చింది, ఇవాళ ఇదే మాట్లాడుకుందాం.

ముందు మ్యాప్ చూడండి. థాయ్‌లాండ్ దక్షిణ భాగం, తూర్పు తీరం. అక్కడి సముద్రాన్ని థాయ్‌లాండ్ గల్ఫ్ అంటారు. మన దగ్గర గల్ఫ్ అంటే వెంటనే దుబాయ్, కువైట్ గుర్తొస్తాయి కదా? ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాం, గుర్తుపెట్టుకోండి. ఈ గల్ఫ్‌లో మూడు దీవులు ఒకదాని పైన ఒకటి ఉంటాయి: కో సముయ్, కో ఫంగన్, కో తావ్. 'కో' అంటే థాయ్ భాషలో దీవి. వీటికి పడవ ఎక్కాల్సిన జిల్లా పేరు సూరత్ థానీ. అవును, మన గుజరాత్ సూరతే. 1915లో వజిరావుధ్ రాజు ఆ ఊరికి ఈ పేరు పెట్టాడు, అక్కడి నదికి కూడా మన సూరత్ నది పేరే, తాపీ అని పెట్టాడు. 'థానీ' ఏమో మన 'రాజధాని'లో ఉన్న 'ధాని'.

టూరిస్టులు రాకముందు సముయ్ ఎలా ఉండేదో ఊహించాలంటే మన కోనసీమని తీసుకెళ్లి సముద్రం మధ్యలో పెట్టండి, నడుమ అడవి కొండలు కలపండి. కొబ్బరే పంట, కొబ్బరే ఆదాయం. ఒక్క తేడా, కాయలు దింపడానికి అక్కడ శిక్షణ ఇచ్చిన కోతుల్ని చెట్టెక్కిస్తారు. చైనాలోని హైనాన్ దీవి నుంచి వచ్చిన వర్తకులు తరాల క్రితమే ఇక్కడ స్థిరపడ్డారు. పక్కనున్న ఫంగన్‌కి చులలాంగ్‌కార్న్ రాజు 1888 నుంచి పదిసార్లకు పైగా వెళ్లాడు. థాన్ సదెట్ అనే వాగు దగ్గర బండల మీద ఆయన పేరులోని పొడి అక్షరాలు చెక్కించాడు, ఇప్పటికీ ఉన్నాయి. అంటే ఈ దీవులకి బయటివాళ్లు రావడం కొత్తేం కాదు.

1970ల మొదట్లో ఇంకో రకం జనం వచ్చారు. యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా కుర్రకారు, వీపున సంచి, చేతిలో తక్కువ డబ్బు. టూరిస్టు పడవలు లేవు కాబట్టి కొబ్బరి సరుకు పడవల్లోనే ఎక్కి వచ్చేవాళ్లు. సముయ్ చుట్టూ రోడ్డు పడింది కూడా ఆ రోజుల్లోనే. అంతకుముందు దీవికి ఇటు నుంచి అటు వెళ్లాలంటే కొండ మీదుగా నడక, లేదంటే పడవ.

మరి వాళ్ల రోజు ఎలా గడిచేది? చెక్క, వెదురు గోడల గుడిసె, పైన ఆకుల కప్పు, లోపల ఒక పరుపు, దోమతెర. స్నానం బయట తొట్టి దగ్గర. దీపం కిరోసిన్‌ది. జనరేటర్ ఉన్న చోట సాయంత్రం కొన్ని గంటలు బల్బు వెలిగేది. భోజనం గుడిసె ఓనర్ ఇంటి వంటగదిలోనే. తిన్నది, తాగింది ఒక నోట్‌బుక్‌లో రాసి, వెళ్లేరోజు లెక్క చూసేవాళ్లు. మన కిరాణా కొట్టు ఖాతా లాంటిదే. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే పోస్టాఫీసు అడ్రస్‌కి రాయించుకుని, వారానికోసారి వెళ్లి అడగాలి.

వానాకాలం ఇంకో కథ. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్‌లో మే నుంచి అక్టోబర్ దాకా వానలు ఎక్కువ. గల్ఫ్ దీవుల్లో మాత్రం గట్టి వానలు అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లో. మన నెల్లూరుకి వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలే కారణం. సముద్రం పోటెత్తితే పడవలు ఆగిపోతాయి, వెళ్లాలనుకున్నవాళ్లు కూడా ఉండిపోవాల్సిందే. కాబట్టి తొలి రోజుల్లో దీవి మీద టైమ్‌టేబుల్ పడవదే.

ఇక్కడ అసలు మలుపు భూమి దగ్గర వచ్చింది. సముయ్‌లో చాలామంది చెప్పుకునే మాట ఒకటుంది. పాత రోజుల్లో ఆస్తి పంచేటప్పుడు, లోపలి కొబ్బరి తోటలు ఇష్టమైన పిల్లలకి వెళ్లేవట, ఉప్పుగాలి కొట్టే ఇసుక నేల మిగతావాళ్లకి. ఆ ఇసుక మీద ఏం పండుతుంది? ఏమీ పండదు. కానీ గుడిసె వేసి అద్దెకివ్వొచ్చు! ఇరవై ఏళ్లలో లెక్క తలకిందులైంది, తక్కువ వాటా అనుకున్నది దీవిలోనే ఖరీదైన నేల అయింది. మన బీచ్ రోడ్ల పక్కన, రింగ్ రోడ్ల పక్కన ఇళ్లల్లో ఇలాంటి కథలు మీరూ వినే ఉంటారు.

తర్వాత వేగం పెరిగింది. 1982లో లోన్లీ ప్లానెట్ థాయ్‌లాండ్ గైడ్ వచ్చింది. అదే దశాబ్దంలో ఫంగన్‌లోని హాద్ రిన్ బీచ్‌లో ఫుల్ మూన్ పార్టీలు మొదలయ్యాయి. 1989లో సముయ్‌లో ఎయిర్‌పోర్ట్ తెరిచారు, కట్టింది ప్రైవేట్ సంస్థ బ్యాంకాక్ ఎయిర్‌వేస్. ఫంగన్‌కి ఇప్పటికీ పడవే దిక్కు. అందుకే సముయ్‌లో గుడిసెలు రిసార్టులయ్యాయి, చవకగా ఎక్కువ రోజులు ఉండాలనుకునేవాళ్లు ఫంగన్‌కి జరిగారు. మొదట పార్టీలు, తర్వాత యోగా, తర్వాత లాప్‌టాప్.

లాప్‌టాప్ వచ్చాక యజమాని మారాడు. పడవ పోయి కరెంటు వచ్చింది. ఈ దీవులకి కరెంటు ఒడ్డు నుంచి సముద్రం అడుగున కేబుళ్లలో వస్తుంది. 2012 డిసెంబర్‌లో ఆ సరఫరా దెబ్బతిని సముయ్ దాదాపు మూడు రోజులు చీకట్లో ఉంది. ఏటీఎంలు లేవు, ఫ్రిజ్‌లు లేవు, నీళ్ల మోటార్లు లేవు. సర్వర్ డౌన్ అంటే మనకి తెలుసు కదా, ఇక్కడ దీవే డౌన్. 1975లో కిరోసిన్ దీపంతో ఉన్న గుడిసెకి ఇది వార్తే కాదు. 2012 నాటి దీవికి మాత్రం ప్రమాదం.

ఇక మూడోది కాగితం. ఎక్కువకాలం ఉండేవాళ్ల జీవితాన్ని ఇప్పటికీ నడిపేది 1979 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం. ఆగకుండా 90 రోజులు దాటి ఉంటే అడ్రస్ రిపోర్ట్ చేయాలి. విదేశీయుడికి ఇల్లిచ్చిన యజమాని 24 గంటల్లో అధికారులకి చెప్పాలి. గడువు అయిపోతుంటే ఏం చేసేవాళ్లు? 'వీసా రన్'. కొందరు మలేసియాలోని పెనాంగ్‌కి వెళ్లి కొత్త వీసా తెచ్చుకునేవాళ్లు. కొందరు రనోంగ్ దగ్గర పడవెక్కి మయన్మార్‌లో కాలుపెట్టి, పాస్‌పోర్ట్ మీద ముద్ర వేయించుకుని, అదే రోజు వెనక్కి. ప్రభుత్వం ఈ దారిని 2006లో, మళ్లీ 2014లో బిగించింది. 2024 జులైలో మాత్రం డీటీవీ అనే వీసా తెచ్చింది: ఐదేళ్ల గడువు, ఒక్కోసారి 180 రోజులు, దూరం నుంచి ఉద్యోగం చేసేవాళ్లకి కూడా. కానీ బ్యాంకులో 5 లక్షల బాట్ చూపించాలి. మన డబ్బుల్లో పది లక్షలు దాటుతుంది. ఇండియన్స్‌కి వీసా లేకుండా ఎంట్రీ మొదలైంది 2023 నవంబర్‌లో. ఈ రూల్స్ మారుతూనే ఉంటాయి కాబట్టి టికెట్ కొనేముందు అఫీషియల్ సైట్ చూసుకోండి.

ఇప్పుడు గల్ఫ్ అనే మాట దగ్గరికి వద్దాం. ఈ దీవుల్లో నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండేవాళ్లు ఇంకొందరున్నారు. వాళ్లు రీల్స్‌లో కనిపించరు. రూమ్ శుభ్రం చేసేది, విల్లాకి ఇటుకలు మోసేది చాలాచోట్ల మయన్మార్ నుంచి వచ్చిన కార్మికులే. వాళ్లదీ పరాయి దేశమే, వాళ్లకీ కాగితాలు రెన్యువల్ చేయించాలనే టెన్షనే. 2020లో కరోనాతో సరిహద్దులు మూసేస్తే, చిక్కుకుపోయిన విదేశీ టూరిస్టుల వీసాల్ని ప్రభుత్వం దానంతటదే పొడిగించింది. అదే సమయంలో హోటళ్లు మూతపడి పని పోయిన కార్మికుడికి వీసా గడువు కంటే ముందు ఆ రోజు భోజనం సమస్య.

ఒకే దీవి, ఒకే వాన, ఒకే పడవ. ఒకరిని 'డిజిటల్ నోమాడ్' అంటాం, ఇంకొకరిని 'వలస కూలీ' అంటాం. ఈ తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి, కోనసీమ నుంచి కువైట్‌కి వెళ్లినవాళ్లు మన ఊళ్లల్లో, మన ఇళ్లల్లోనే ఉన్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్యని 'ఎన్నారై' అంటాం, మస్కట్‌లో ఉన్న బాబాయిని 'గల్ఫ్ కెళ్లాడు' అంటాం. ఇద్దరూ ఇల్లు విడిచి ఉన్నవాళ్లే.

నేల సంగతి కూడా ఇంకా తెగలేదు. థాయ్ చట్టం ప్రకారం విదేశీయుడు మామూలుగా భూమి కొనలేడు, 30 ఏళ్ల దాకా లీజుకి తీసుకోవచ్చు. అందుకే స్థానికుల పేరుతో కంపెనీలు పెట్టి కొనే పద్ధతి పుట్టింది. మన భాషలో బినామీ. ఈ మధ్య సముయ్‌లో, ఫంగన్‌లో అధికారులు వీటిపై తనిఖీలు చేస్తున్నారు. కొబ్బరి తోటల్లో పుట్టిన పిల్లలు అదే దీవిలో అద్దె కట్టలేని పరిస్థితి వస్తే, అది ఎవరి దీవి అన్న ప్రశ్న వస్తుంది కదా?

వెళ్లొద్దని నేను చెప్పను. వెళ్తే మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. మీరుండే ఇంటి నేల ఎవరిది? మీ రూమ్ ఊడ్చే మనిషి ఏ కాగితం మీద అక్కడ ఉంది? మీ పేరు యజమాని రిపోర్ట్ చేశాడా? మొదటి రెండూ వాళ్ల కోసం, మూడోది మీ కోసం. ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లతో కూర్చుని చూడండి, అక్కడ వాళ్ల రోజు ఎలా గడిచేదో అడగండి. మళ్లీ కలుద్దాం.