ప్రెస్కాట్ రోడియోలో ఒంగోలు మూపురం

జూలై నాలుగు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే ఫీనిక్స్‌లో ఉండే మన వాళ్ళకి రెండే ఆలోచనలు. ఐతే గ్రాండ్ కాన్యన్, లేకపోతే వేగాస్. ఆ రెండూ అయిపోయినవాళ్ళు ఎవరింట్లోనో చేరి, ఏసీ వేసుకుని, బిర్యానీ తిని పేకాడుకుంటారు. బయట 110 డిగ్రీల ఎండ మరి! పోయినేడాది నేనూ పేక బ్యాచ్‌లోనే ఉండాల్సినవాణ్ణి. మా టీంలో ఒక పెద్దాయన పడనివ్వలేదు. "అరిజోనాలో ఉంటూ ప్రెస్కాట్ రోడియో చూడకపోతే ఎలా? ప్రపంచంలోకెల్లా పాతది. అసలు సిసలు అమెరికా అంటే అదే" అని ఒకటే పోరు. సరే, చూసొస్తే ఓ పనైపోతుంది కదా అని బయల్దేరాను.

ఫీనిక్స్ నుంచి ఉత్తరంగా రెండు గంటల డ్రైవ్. ఎడారి దాటి కొండలెక్కేసరికి పైన్ చెట్లు, కాస్త చల్లగాలి. కారు పార్క్ చేసి గేటు దగ్గరికి నడుస్తుంటే ముందుగా తగిలింది వాసన. పేడ, ఎండుగడ్డి, దుమ్ము. కళ్ళు మూసుకుంటే ప్రకాశం జిల్లాలో మా తాతయ్య కొష్టం. అమెరికా వచ్చి ఇన్నేళ్ళయింది, ఈ వాసన ఎక్కడా తగల్లేదు.

రోడియో అంటే ఎద్దు మీదెక్కి కింద పడటం ఒక్కటే అనుకునేవాణ్ణి. అందులో చాలా పోటీలున్నాయి. గుర్రం మీద వెళ్తూ దూడకి తాడు వేసి కట్టెయ్యడం, గుర్రం మీంచి దూకి కోడె కొమ్ములు పట్టి పడగొట్టడం, ఇద్దరు కలిసి ఒకరు కొమ్ములకీ ఒకరు వెనక కాళ్ళకీ తాడు వెయ్యడం, ఆడవాళ్ళు మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని పరిగెత్తించడం. అన్నిటికన్నా ఆఖర్న ఎద్దు సవారీ. ఒంటి చేత్తో తాడు పట్టుకుని ఎనిమిది సెకన్లు నిలబడాలి. రెండో చెయ్యి దేనికి తగిలినా అవుట్. నాకు భలే నచ్చిందేమిటంటే, మొత్తం వంద మార్కుల్లో యాభై మనిషికి, యాభై ఎద్దుకి! ఎద్దు బాగా ఎగరకపోతే మనిషికీ మంచి స్కోరు రాదు.

ఇంకో సంగతి. వీళ్ళకి జీతం ఉండదు. ఎంట్రీ ఫీజు తామే కట్టుకోవాలి, గెలిస్తేనే డబ్బు. 1936లో బోస్టన్‌లో 61 మంది రోడియో వీరులు ప్రైజ్ మనీ మరీ అన్యాయంగా ఉందని సమ్మె చేసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరేంటో తెలుసా? తాబేళ్ళ సంఘం! కదలడానికి ఆలస్యం చేసినా చివరికి మెడ బయటపెట్టాం కదా అని వాళ్ళ మీద వాళ్ళే వేసుకున్న జోకు. బెంచ్ మీద కూర్చున్నప్పుడల్లా భయపడే మన జాతికి ఇది చప్పున అర్థమవుతుంది.

సరే, అసలు విషయానికొస్తా. ఇంటికొచ్చాక ఈ చరిత్రంతా కూర్చుని చదివాను. చదివేకొద్దీ ఆ పెద్దాయన చెప్పిన "అసలు సిసలు" అన్న మాట కరిగిపోతూ వచ్చింది.

సినిమాల్లో చూసే కౌబాయ్ వృత్తి ఎంతకాలం నడిచిందనుకుంటున్నారు? అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. టెక్సాస్‌లో పశువులు కుప్పలుగా ఉన్నాయి, కొనేవాళ్ళు ఉత్తరాన ఉన్నారు, రైలు ఇంకా అక్కడిదాకా రాలేదు. వేల పశువుల్ని వందల మైళ్ళు నడిపించి రైలుకి చేర్చే పని కౌబాయ్‌లది. 1874లో ముళ్ళకంచెకి పేటెంట్ వచ్చింది, బయళ్ళు ముక్కలయ్యాయి. రైళ్ళు పశువుల దగ్గరికే వచ్చేశాయి. 1886-87 చలికాలంలో ఉత్తర మైదానాల్లో పశువులు లక్షల్లో చచ్చిపోయాయి. దాంతో దాదాపు కథ ముగిసినట్టే. మహా అయితే పాతికేళ్ళ ఉద్యోగం, అంతే. ప్రెస్కాట్‌లో టికెట్టు పెట్టి, బహుమతిచ్చి మొదటి పోటీ జరిపింది 1888 జూలై 4న. అంటే ఆ పనికి కాలం చెల్లుతున్న రోజుల్లో, ఆ పనితనాన్ని ఆటగా మార్చారన్నమాట. (టెక్సాస్‌లో పేకోస్ ఊరివాళ్ళు మాది 1883, మేమే ఫస్టు అంటారు. ఆ తగువు ఇంకా నడుస్తోంది!)

మరి ఆ 1888 పోటీలో బహుమతి గెలిచిందెవరు? హువాన్ లేవాస్. పేరు చూస్తేనే తెలుస్తోంది కదా, స్పానిష్ పేరు. ఆశ్చర్యమేమీ లేదు. 1848 దాకా ఆ నేల మెక్సికోది. అంతకుముందూ, తర్వాతా కూడా యావపై తెగవాళ్ళు ఉంటున్న చోటు. గుర్రమెక్కి తాడుతో పశువుల్ని పట్టే విద్య మెక్సికో 'వకేరో'లది. వాకా అంటే స్పానిష్‌లో ఆవు. రోడియో అన్న మాటే 'చుట్టుముట్టి పోగుచెయ్యడం' అనే స్పానిష్ మాట నుంచి వచ్చింది. లాసో, రాంచ్, బ్రాంకో, స్టాంపీడ్ అన్నీ అక్కడివే. ఇంకా విచిత్రం, మెక్సికోని స్పెయిన్ ఎలా జయించిందో పుస్తకం రాసిన విలియం ప్రెస్కాట్ అనే చరిత్రకారుడి పేరే ఆ ఊరికి పెట్టారు.

ఇక కోడె కొమ్ములు పట్టి పడగొట్టే పోటీ. దాన్ని జనంలోకి తెచ్చింది బిల్ పికెట్, 1870లో టెక్సాస్‌లో పుట్టిన నల్లవాడు. కోడె పెదవిని పళ్ళతో కరిచి పట్టుకుని పడేసేవాడట. ఆ కాలపు కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లవాళ్ళని చరిత్రకారుల అంచనా. మనం చూసిన కౌబాయ్ సినిమాల్లో ఎంతమంది కనిపించారు? పికెట్ 1932లో గుర్రం తన్ని చనిపోయాడు. 1990ల్లో అమెరికా తపాలా శాఖ అతని స్టాంపు వేసింది. తీరా చూస్తే ఆ బొమ్మ అతనిది కాదు, తమ్ముడిది! 1994లో మళ్ళీ వెయ్యాల్సొచ్చింది. గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించినప్పుడు కూడా మొహం తప్పింది.

ఇప్పుడు ఎద్దు సంగతి. ఆ సాయంత్రం ఆఖరి పోటీలో గేటు తెరుచుకుని ఒక తెల్ల ఎద్దు బయటికి దూకింది. నాలుగు గెంతుల్లో కుర్రాణ్ణి మట్టిలో పడేసి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, తలెత్తి నిలబడింది. భుజాల మీద మూపురం, మెడ కింద వేలాడుతూ గంగడోలు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. పక్కన పెద్దాయన "ఏమైంది?" అన్నాడు. "అది మా ఊరిది" అన్నాను. నవ్వాడు. ఆయన జోకనుకున్నాడు.

జోకు కాదు. మూపురం అమెరికా పశువులకి లేదు, యూరప్ పశువులకీ లేదు. టెక్సాస్, లూసియానా ఎండకీ గోమార్లకీ యూరప్ జాతులు తట్టుకోలేకపోతే, మన దేశపు పశువుల్ని తెప్పించుకున్నారు. కొన్ని నేరుగా, 1920ల్లో మరికొన్ని బ్రెజిల్ మీదుగా. గిర్, గుజరాత్, కృష్ణా లోయ, మన ఒంగోలు, ఈ నాలుగూ కలిపి తయారుచేసిన జాతికి 'బ్రాహ్మన్' అని పేరు పెట్టి 1924లో సంఘం కూడా కట్టారు. సవారీ ఎద్దుల్లో చాలావాటికి ఆ రక్తముంది. బ్రెజిల్లో అయితే ఒంగోలు జాతిని నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. 2023లో వియాటినా-19 అనే నెల్లూరు ఆవుకి 40 లక్షల డాలర్ల పైచిలుకు విలువ కట్టారు.

ఇది చదివి ఛాతీ ఉప్పొంగితే, ఒక్క నిమిషం ఆగండి. నాకూ ముందు ఉప్పొంగింది. తర్వాత తాతయ్య జత గుర్తొచ్చింది. నేను ఏడో క్లాసులో ఉండగా వాటిని అమ్మేశారు. ట్రాక్టరు వచ్చాక మేపడం దండగ అన్నారు. నిజమే, దండగే. అవి వెళ్ళిపోయిన రోజు తాతయ్య అన్నం తినలేదు. మా ఇంట్లో నాతో సహా ఎవరికీ ఇప్పుడు ఎద్దుకి పలుపు వెయ్యడం కూడా రాదు. ఒంగోలు గిత్త అని ఎవరైనా అంటే మాత్రం మీసం తిప్పుతాం.

రోడియోలో అంతా బావుందని కాదు. దూడ మెడకి తాడు బిగిసి అది వెనక్కి పడ్డప్పుడు నేను చూళ్ళేకపోయాను. మన బండలాగుడు పోటీల్లో ములుకర్రతో పొడిచేటప్పుడూ అంతే. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఊళ్ళో పదేళ్ళ పిల్ల తాడు తిప్పుతోంది. తాతలు పక్కన నిలబడి నేర్పుతున్నారు. వాళ్ళు పనిని నిలబెట్టుకుని, నేర్పినవాళ్ళ పేర్లు మర్చిపోయారు. మనం పేరు నిలబెట్టుకుని, పని మర్చిపోయాం. ఏది పెద్ద తప్పో నాకైతే తేలలేదు.

తిరిగొచ్చాక నాన్నకి ఫోన్ చేసి అడిగాను, మన ఎద్దులు ఎవరికి అమ్మారు అని. చాలాసేపు మాట్లాడలేదు. "దర్శి సంతలో. ఎవరో తెలీదురా" అన్నాడు. వాటి పేర్లు మాత్రం ఇద్దరికీ గుర్తున్నాయి. రాముడు, లక్ష్మణుడు.