అవుట్‌బోర్డు ఇంజను పడవ: నడపుట, సంరక్షణము

చిన్న పడవ వెనుకతట్టున నిలువుగ నుండు పలకకు బయటివైపున బిగింపబడి, పైభాగమున ఇంజనును, నడుమ నిలువున దిగు ఇరుసును, అడుగున నీట మునిగియుండు గేరుపెట్టెను, ప్రొపెల్లరును ఒక్కచోటనే ఇముడ్చుకొని, పడవను ముందుకు నెట్టుటయు దాని దిక్కు మార్చుటయు రెండును తానే నిర్వహించు యంత్రమునకు అవుట్‌బోర్డు ఇంజనని పేరు. పడవ గర్భమున స్థిరముగ నెలకొల్పు ఇంజనునకు లేని రెండు గుణములు దీనికి గలవు: పని ముగిసినంతనే విప్పి భుజమున మోసి ఇంటికి కొనిపోవచ్చును, నీరు పలుచనైనచోట మీటి పైకెత్తవచ్చును. రేవన్నది లేక, కెరటములకు ఎదురేగి కడలి చేరి, మరల ఆ కెరటముల మీదనే ఇసుక యొడ్డున కెక్కవలసిన పడవలకు ఈ రెండవ గుణము ప్రాణాధారము.

ఫ్రెంచివాడైన గుస్టావ్ ట్రూవే 1881లో పారిస్ నగరమున సేన్ నదిపై విద్యుచ్ఛక్తితో నడచు ఇట్టి యంత్రమును పడవకు తగిలించి పరీక్షించెను. నార్వే దేశమున జన్మించి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున పెరిగిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో ఒకటిన్నర అశ్వశక్తిగల పెట్రోలు ఇంజనును విక్రయమునకు దెచ్చిన పిమ్మట ఇది సామాన్యుల సాధనమైనది. అంతకుముందే కామెరాన్ వాటర్‌మన్ మొదలగువారు ఇట్టివానిని నిర్మించి యుండిరి గాని, చిన్నపడవ యజమాని నమ్మి కొనదగిన దృఢత్వమును సమకూర్చిన ఖ్యాతి ఎవిన్‌రూడుకే దక్కినది. ఆంధ్రతీరమున దుంగలు కట్టిన తెప్పలును, చెక్క నావలును తెరచాపతోను తెడ్లతోను నడచిన కాలము పోయి, ఫైబరు పడవలు వచ్చిన తరువాత, పొడవైన ఇరుసుగల డీజిలు ఇంజనులతో పాటు, పది అశ్వశక్తులకు అటునిటుగ నుండు అవుట్‌బోర్డు ఇంజనులు ఉప్పాడ, భీమిలి వంటి మత్స్యకార గ్రామముల దినచర్యలో చేరిపోయినవి.

అమరిక. ఇంజను కొనబోవువారు అందరును అశ్వశక్తి ఎంతయని అడుగుదురు. ఇరుసు పొడవెంతయని అడుగువారు తక్కువ. అయినను పడవకును ఇంజనునకును పొత్తు కుదురునది ఈ పొడవు చేతనే. సాధారణముగ పొట్టి ఇరుసు 15 అంగుళముల ఎత్తుగల వెనుకపలకకును, పొడవు ఇరుసు 20 అంగుళముల పలకకును సరిపోవును. ప్రొపెల్లరునకు పైన అడ్డముగ పరచియుండు రేకు పడవ అడుగుతో సమముగనో, అంగుళము క్రిందుగనో ఉన్నచో అమరిక చక్కగ నున్నట్లు. రేకు పైకి జరిగినచో ప్రొపెల్లరు ఉపరితలము నుండి గాలిని లాగికొని, నీటిని పట్టలేక ఊరక తిరుగును. ఇంజను గొంతు చించుకొనును గాని పడవ సాగదు. మరీ దిగినచో ఒరిపిడి హెచ్చి పెట్రోలు వృథా యగును. బిగింపుమరలు అదరుపాటునకు వదులగుట సహజము గనుక, ఎంత బలముగ బిగించినను, ఇంజనును వేరుగ ఒక గట్టి తాడుతో పడవకు కట్టియుంచవలెను. నాలుగు బారల నీటిలోనికి జారిపోయిన ఇంజనును వెదకి తీయుట కంటె ఆ తాడు చవుక.

ఇంధనము. టూ-స్ట్రోకు ఇంజనులో ఇరుసునకు, పిస్టనుకు కందెనగ వేరొక చమురుతొట్టి లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే వానిని తడుపుచు పోయి, దానితో పాటే కాలిపోవును. కనుక కొలత తప్పుట యనగా కందెన తప్పుటయే. నేటి ఇంజనులలో పెక్కింటికి 50 పాళ్ల పెట్రోలునకు ఒక పాలు ఆయిలు, అనగా పది లీటర్లకు 200 మిల్లీలీటర్లు విధింపబడినది. క్రొత్త ఇంజనునకు తొలి పది గంటలు దీనికి ఇనుమడి పోయుట పరిపాటి. ఇంజనుతో వచ్చిన పుస్తకమున వేరుగ చెప్పియున్నచో అదియే ప్రమాణము. ఇట మోటారుసైకిలు కొరకు అమ్ము ఆయిలును పోయుట పెద్ద పొరపాటు. ఆ ఆయిలు గాలిచే చల్లారుచు మిక్కిలి వేడిగ నడచు ఇంజనులకు ఉద్దేశింపబడినది. నీటిచే చల్లారు ఇంజనులో దానియందలి లోహసంబంధమైన మిశ్రమములు సరిగ కాలక, ప్లగ్గులపైనను పిస్టను తలపైనను బూడిదగ పేరుకొనును. టి.సి.-డబ్ల్యు 3 అను గుర్తుగల ఆయిలు ఈ పనికే తయారైనది. ఫోరు-స్ట్రోకు ఇంజనులకు కలుపవలసిన పని లేదు గాని, అవి బరువైనవి. వానిని ఏ ప్రక్కకు బడితే ఆ ప్రక్కకు పరుండబెట్టినచో ఆయిలు సిలిండరులోనికి ప్రాకును.

కిరోసినుతో నడచు ఇంజనులును మన తీరమునకు పరిచితములే. వీనిని పెట్రోలుతో మొదలిడి, వేడెక్కిన పిదప కిరోసినునకు మార్చి, ఆపబోవుటకు కొంచెము ముందుగ మరల పెట్రోలునకు త్రిప్పవలెను. లేనిచో కార్బురేటరులో నిలిచిన కిరోసినుతో మరునాడు ఎంత లాగినను ఇంజను మేల్కొనదు. నేడు బంకులలో దొరకు పెట్రోలున 20 శాతము వరకు ఇథనాలు కలిసియుండును. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. ఆ తేమ హద్దు మీరినప్పుడు నీరును ఇథనాలును కలిసి పెట్రోలు నుండి విడివడి డబ్బా అడుగున చేరును. ఇంజనునకు గొట్టము అందించునది ఆ అడుగు భాగమునే. ఉప్పుగాలిలో నెలల తరబడి నిలువ పెట్టిన పెట్రోలును నమ్మరాదనుటకు ఇదియే హేతువు. డబ్బాను పడవలో నుంచి నింపుటయు తగదు. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది గనుక, అది పడవ అడుగున చేరి ఒక్క నిప్పురవ్వ కొరకు వేచియుండును.

నడపుట. పడవ అడుగున నీరు పోవు రంధ్రమునకు బిరడా పెట్టితిమా, తెడ్లు ఉన్నవా, లంగరు తాడు చిక్కుపడక యున్నదా, లైఫు జాకెట్లు తలకొకటి గలవా అని చూచుకొనిన పిదపనే ఇంజనుపై చేయి వేయవలెను. డబ్బా మూతపై గల గాలిమర విప్పి, గొట్టము నడుమనున్న రబ్బరు బంతిని అది గట్టిపడు వరకు పిసికి, గేరు తటస్థముగ నుంచి, చల్లని ఇంజనైనచో చోకు లాగి, స్టార్టరు తాడును మొదట మెల్లగ పట్టు తగులు వరకు తెచ్చి, అటుపై ఒక్కపెట్టున లాగవలెను. గాలిమర విప్ప మరచినచో ఇంజను చక్కగ మొదలై, కొంతదూరము పోయి, తొట్టిలో శూన్యమేర్పడి ఆగిపోవును. నడికెరటములలో ఆగిన ఇంజనులలో కొన్నింటి కథ ఇంతకంటె లేదు. ఇంజనును ఆర్పు మీటకు కట్టిన చిన్నతాడును నడపువాడు తన మణికట్టునకు గాని మొలకు గాని తగిలించుకొనవలెను. అతడు నీట బడినచో తాడు ఊడి ఇంజను ఆగును; తగిలించుకొననిచో పడవ వలయాకారముగ తిరిగి తిరిగి, ప్రొపెల్లరుతో సహా, నీటనున్నవాని మీదికే వచ్చును.

ఇంజను మొదలైనంతనే కన్ను సారింపవలసినది మూతక్రింది సన్నని రంధ్రము నుండి ధారగ చిమ్ము నీటిపై. ఆ ధార ఇంజను నాడి వంటిది. గేరుపెట్టెకు పైన నుండు పంపులో రబ్బరు రెక్కల చిన్నచక్రము తిరుగుచు సముద్రపు నీటిని తోడి, సిలిండరు చుట్టును త్రిప్పి పంపగా, అందు కొంత భాగము మనకు సాక్ష్యముగ ఇట బయటపడును. ధారలో వ్రేలు పెట్టిచూచినచో గోరువెచ్చగ నుండవలెను. పొగలెత్తుచున్నను, సన్నగిలినను, ఆగినను ఇంజనును వెంటనే ఆపవలెను. అంతమాత్రమున పంపు పాడైనదని తలపరాదు. ఉప్పు గడ్డకట్టియో, ఒడ్డుననున్న దినములలో పురుగు మట్టి పెట్టియో రంధ్రమే మూసికొని యుండవచ్చును. సన్నని తీగతో ఒక్కమారు పొడిచినచో ధార మరల విచ్చుకొనును. కాదేని, క్రింది జల్లెడకు ప్లాస్టిక్కు సంచి అంటుకొని యున్నదేమో చూడవలెను. ఆ రెండును కానిచో రబ్బరు చక్రమే అరిగినదని నిశ్చయము. ఇసుక కలిసిన నీటిలో నడచు మన పడవలకు ఈ చక్రమును ఏటేట మార్చుట మేలు. నీరు లేక ఇంజనును తిప్పుట అర నిమిషమైనను కూడదు; ఆ రబ్బరునకు నీరే కందెన.

మలుపునపుడు క్రొత్తవారిని తికమక పెట్టు విషయమొకటి గలదు: చేతి మీటను ఎడమకు త్రోసినచో పడవ కుడికి తిరుగును. తిరుగునది మొనగాదు, వెనుకతట్టు. అది ప్రక్కకు జరుగగా మొన ఎదురుదిక్కు పట్టును. కనుక రాతికి గాని, నీటనున్న మనిషికి గాని దగ్గరగ మలుపునపుడు వెనుకతట్టునకు చాలినంత తావు విడువవలెను.

తీరపు కెరటములను దాటుట ఈ విద్యలోనెల్ల కఠినమైనది. పెద్ద కెరటములు గుంపులుగ వచ్చి, వాని నడుమ కొంత తెరపి నిచ్చును. అనుభవజ్ఞుడు మోకాటిలోతు నీట పడవను నిలిపి, మొనను నేరుగ కెరటమునకు పట్టి, ఆ తెరపి కొరకు కనిపెట్టియుండి, అది చిక్కినంతనే శక్తికొలది సాగును. మరలి వచ్చునపుడు వేగము హెచ్చయినచో పడవ కెరటపు శిఖరమును దాటి ముందుకు దూకి మొన గ్రుచ్చుకొనును. తక్కువైనచో వెనుక కెరటము వచ్చి పడవను అడ్డముగ త్రిప్పి బోర్లించును. ఒకే కెరటపు వెన్ను మీద, దాని వేగముననే, వచ్చుట మార్గము. అడుగు తగులబోవు ముందు ఇంజనును ఆపి పైకెత్తవలెను. నదీముఖముల యందు, పాటునీరు సముద్రములోనికి దిగుచుండగా ఎదురుగాలి వీచినచో మొగలో కెరటములు పొట్టివై నిటారుగ లేచును; పోటునకై వేచుటయే అచట ఉపాయము. పెట్రోలును మూడు పాళ్లుగ ఎంచి, ఒకటి పోవుటకు, ఒకటి వచ్చుటకు, ఒకటి గాలి తిరిగినపుడు ఆదుకొనుటకు అని ఉంచుకొనుట మంచి అలవాటు.

ఒడ్డు చేరిన పిదప. ఇంజను ఆయుస్సును నిర్ణయించునది సముద్రముపై గడచిన గంటలు కాదని, ఒడ్డు చేరిన తరువాతి అరగంటయని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయము. పీపాలో మంచినీరు రేకు మునుగు వరకు నింపి, అందు ఇంజనును నిలిపి, గేరు తటస్థముననే యుంచి పది నిమిషములు నెమ్మదిగ నడిపినచో, నీటిదారులలోని ఉప్పు కరగి పోవును. ముగింపుననే గొట్టమును ఊడదీసి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోయి ఇంజను తానే ఆగు వరకు విడువవలెను. మోసికొనిపోవునపుడు తలభాగమును ఎప్పుడును ప్రొపెల్లరు కంటె ఎత్తుననే ఉంచవలెను; లేనిచో లోపల మిగిలిన నీరు పొగదారి గుండ సిలిండరులోనికి దిగును.

గేరుపెట్టెలో 90 సంఖ్యగల గేరాయిలు నుండును. క్రొత్త ఇంజనునకు తొలి పది యిరువది గంటలలో ఒకమారును, అటుపై నూరు గంటలకొకమారును దీనిని మార్చవలెను. అడుగు మర విప్పునపుడు అరచేయి క్రింద పట్టి, మొదట జారు చుక్కలను చూడవలెను. నల్లగనో తేనెరంగుననో ఉన్నచో చింత లేదు. పాలు కలిపిన కాఫీవలె నున్నచో నీరు చొచ్చినట్లు. ఇందుకు కారణము తరచుగ ప్రొపెల్లరు వెనుకనే దొరకును: తెగిన వలదారము ఇరుసునకు చుట్టుకొని, తిరిగిన కొలది లోనికి కోసికొనిపోయి, సీలును చీల్చును. కనుక వారమునకొకమారు ప్రొపెల్లరు విప్పి దారములు తీసి, ఇరుసునకు గ్రీజు పూయుట అవసరము. క్రొత్త ఆయిలును పైనుండి పోయరాదు. అడుగు రంధ్రము నుండి ఎక్కించి, పై రంధ్రమున పొంగి వచ్చినపుడు ముందు పై మరను, తరువాత క్రింది మరను బిగించినచో లోపల గాలి చిక్కదు. చిన్న ఇంజనులలో కొన్నింటికి ప్రొపెల్లరును ఇరుసుతో కలుపు మెత్తని లోహపు చీల గలదు. రాయి తగిలినపుడు గేర్లు విరుగక అది తెగును. దాని స్థానమున ఇనుప మేకు దిగగొట్టువారు పది రూపాయల చీలను కాపాడి గేరుపెట్టెను పోగొట్టుకొందురు.

అల్యూమినియము దేహమునకు ఉప్పునీట కలుగు క్షయమును తనపై వేసికొనుటకు జింకు ముక్క యొకటి బిగింపబడియుండును. అది కరుగుటకే యున్నది గనుక దానికి రంగు వేయరాదు. సగము తరిగినపుడు మార్చవలెను. మంచినీటను, ఉప్పుటేరులందును నడచు పడవలకు జింకు కంటె అల్యూమినియపు ముక్క తగియుండును.

ఇంజను సముద్రమున మునిగి దొరకినపుడు, దానిని ఎండలో ఆరబెట్టుట అందరకు తోచు పని. అదియే దానికి మృత్యువు. నీట నున్నంతసేపు మెల్లగ సాగు తుప్పు, ఉప్పుతో తడిసిన లోహమునకు గాలి తగిలినంతనే పరుగెత్తును. మంచినీట కడిగి, ప్లగ్గులు తీసి, తలక్రిందుగ వంచి తాడు లాగుచు నీటినంతను కక్కించి, సిలిండర్లలో ఆయిలు పోసి, ఆ పూటయే నడిపింపవలెను. మెకానిక్కు దొరకనిచో, దొరకు వరకు మంచినీటి తొట్టిలో ముంచియే ఉంచుట మేలు.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, వేట నిషేధము. ఇంజనులు ఎక్కువగ చెడునది ఈ విరామముననే. గేరాయిలు మార్చి, కార్బురేటరు ఖాళీచేసి, ప్లగ్గు రంధ్రము గుండ రెండు చెంచాల ఆయిలు పోసి, తాడు నాలుగైదు మార్లు మెల్లగ లాగి, ప్లగ్గులు మరల బిగించి, నీడన నిటారుగ నిలబెట్టి, మధ్యమధ్య వారమునకొకమారు తాడు కొంచెము లాగుచుండినచో పిస్టను అంటుకొనదు. గోనెపట్టా కప్పుట మంచిది. ప్లాస్టిక్కు పట్టా గట్టిగ చుట్టినచో లోపల చెమ్మ పట్టును. జూన్ 15 నాటి ఉదయమునకు ఒకటి రెండు దినములు ముందుగ, పాత పెట్రోలు పారబోసి, క్రొత్తది కలిపి, పీపాలో నిలిపి తాడు లాగవలెను. మొదట కొంతసేపు తెల్లని పొగ దట్టముగ వచ్చును. అది సిలిండరులోని ఆయిలు కాలుట. పొగ పలుచబడి, రంధ్రము నుండి నీటిధార నిలుకడగ చిమ్మినపుడు, ఇంజనును పడవకు ఎత్తవచ్చును.