చాంతిసిరి కోరిన నిర్వాణం

మా ఊరి రామాలయంలోని పంకా రెక్కల మీద మా నాయనమ్మ పేరు ఎర్రరంగుతో రాసి ఉంటుంది. పంకా ఆగితే తప్ప చదవడానికి వీలుకాదు. దానం దేవుడికి, పేరు మనకా అని చిన్నతనంలో నవ్వుకునేవాణ్ణి. నాగార్జునకొండ శాసనాలను గురించి చదివిన తరువాత ఆ నవ్వు మాయమైంది.

క్రీ.శ. 3వ శతాబ్దంలో కృష్ణాతీరాన ఉన్న విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. అక్కడి మహాచైత్యానికి ముఖ్యదాత చాంతిసిరి. ఆమె రాజ్యస్థాపకుడైన శాంతమూలునికి సోదరి, అతని కుమారుడు వీరపురుషదత్తునికి మేనత్త. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో ఆమె స్తంభాలు నిలిపి ప్రాకృత శాసనాలు వేయించింది. వాటిలో తన బంధుత్వాలను చెప్పుకొని, ఉభయలోకాల హితసుఖాలతో పాటు తనకు నిర్వాణ సంపదను కోరుకుంది.

తనకు! నా చూపు ఆ మాట వద్దనే ఆగిపోయింది. 'నేను' అనే స్థిరవస్తువు ఏదీ లేదన్నది బౌద్ధం. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే 5 స్కంధాల ప్రవాహమే మనిషి. ఆ ప్రవాహానికి యజమాని లేడు. మరి చాంతిసిరి కోరిన నిర్వాణం ఎవరికి చెందాలి?

ఈ చిక్కు ఆమెకు ముందునుంచీ ఉన్నదే. క్రీ.పూ. 2వ శతాబ్దపు యవనరాజు మిలిందుడు భిక్షువు నాగసేనుణ్ణి ఇటువంటి ప్రశ్నే అడిగినట్లు 'మిలిందపన్హ' చెబుతుంది. వ్యక్తి అనేవాడే లేకపోతే దానం పుచ్చుకునేది ఎవరు? శీలం పాటించేది ఎవరు? నాగసేనుడు రాజు ఎక్కివచ్చిన రథాన్ని గురించి ఎదురు ప్రశ్న వేస్తాడు. చక్రాలు రథమా? ఇరుసా? నొగా? ఏదీ కాదు. వాటిని విడిచి వేరే రథమూ లేదు. అవన్నీ కూడినప్పుడు వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథం. నాగసేనుడన్నదీ అటువంటి పేరే.

రాజు రథమెక్కి వచ్చిన మాట మాత్రం అబద్ధం కాదు. భాగాలకు అతీతంగా మార్పులేని రథమొకటి ఉందనుకోవడమే భ్రమ. ఇలా చూస్తే చాంతిసిరి 'తనకు' అనడంలో తప్పేమీ కనిపించదు. దానం జరిగింది, కోరిక నిజం, పేరు వ్యవహారం.

1954–60 మధ్య తవ్వకాలు జరిగాక, ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది. కొన్ని కట్టడాలను కొండపైకీ అనుపుకూ తరలించారు.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు గుడిలో కరెంటు పోయింది. పంకా ఆగింది. నాయనమ్మ పేరు కూడబలుక్కుని చదివాను. ఆ పేరుగల మనిషి ఇప్పుడు లేదు. కరెంటు రాగానే పేరూ కనిపించకుండా పోయింది. గాలి మాత్రం అందరికీ తగిలింది.