చిగుళ్ళు చెప్పిన చక్కెర కథ

పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా కనిపిస్తుంది. “వేడి చేసిందిలే” అనుకుని, కొళాయి తిప్పి కడిగేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. ఇంట్లో ఎవరికైనా షుగరుంటే తీపి మానిపిస్తాం, అన్నం తగ్గిస్తాం. ఈ రెంటికీ సంబంధం వుందని మాత్రం మనకు తట్టదు. అది మన తప్పు కాదు సోదరీమణులారా! వైద్యులకే అది తేలడానికి ఎంతో కాలం పట్టింది.

మధుమేహం కొత్త జబ్బేమీ కాదు. సుశ్రుతుడు దాన్నీ వర్ణించాడు, చిగుళ్ళ జబ్బులనూ వర్ణించాడు. అయితే ఒకటొక అధ్యాయంలో, ఇంకొకటి మరో అధ్యాయంలో!

1910లో విలియం హంటర్ అనే లండను వైద్యుడు కెనడాలోని మాంట్రియల్‌లో ఉపన్యసిస్తూ, నోట్లోని చీము ఒళ్ళంతటికీ చేటు తెస్తుందన్నాడు. దాంతో పళ్ళు పీకించే వెర్రి మొదలైంది. కీళ్ళ నొప్పులకు పళ్ళు పీకడం, మతి చలిస్తే పళ్ళు పీకడం! బోసినోళ్ళు మిగిలాయేగాని జబ్బులు తగ్గలేదు. అప్పుడు వైద్యం రెండో కొసకు పోయింది. నోరు పంటి డాక్టరుది, ఒళ్ళు పెద్ద డాక్టరుది అయిపోయింది.

ఈ రెంటినీ మళ్ళీ కలిపినవారు అమెరికాలోని పీమా జాతివారు. అరిజోనా రాష్ట్రంలో గీలా నది ఒడ్డున పంటలు పండించుకునేవారు. 19వ శతాబ్దంలో ఎగువకు వలస వచ్చినవారు ఆ నీటిని మళ్ళించుకోవడంతో చేలు ఎండిపోయాయి. తిండీ, బ్రతుకూ మారిపోయాయి. 1965 నుంచి అక్కడ మధుమేహ పరిశోధన సాగింది. ముప్పై అయిదేళ్ళు దాటినవారిలో దాదాపు సగం మందికి చక్కెర వ్యాధి కనిపించింది. 1980లలో వారి నోళ్ళు కూడా పరీక్షించారు. మధుమేహం వున్నవారికి చిగుళ్ళ జబ్బు రెండున్నర రెట్లు ఎక్కువగా వస్తోందని 1990లో తేలింది. 1993లో హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త దీన్ని మధుమేహం తెచ్చే ఆరో ఉపద్రవమన్నాడు. చిగుళ్ళు బాగా చెడినవారికి తరవాత చక్కెర అదుపు తప్పుతోందని 1996లో అదే పీమావారిలో కనిపించింది. అంటే దారి రెండు వైపులా వుందన్నమాట!

ఎలాగంటారా? నెత్తుట్లో చక్కెర పెరిగితే క్రిములను ఎదిరించే శక్తి తగ్గుతుంది, పుండు త్వరగా మానదు. అటు చిగుళ్ళ వాపులో పుట్టే పదార్థాలు నెత్తుట్లో కలిసి, ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతాయి.

మరి చిగుళ్ళకు వైద్యం చేస్తే చక్కెర తగ్గుతుందా? 2013లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్షలో తగ్గలేదు. కాని అనేక పరీక్షలను కలిపి 2022లో చూస్తే, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్షలో 0.4 శాతం దాకా తగ్గింది. కొంచెమే, కాని వృథా కాదు. అలాగని మందుబిళ్ళ మానకూడదు సుమండీ.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని భయపడకండి. పళ్ళను వదులు చేసేది ఆ గార చాటున పెరిగే జబ్బే. పంటి డాక్టరుకు షుగరు సంగతి చెప్పండి. షుగరు డాక్టరుకు చిగుళ్ళ సంగతి చెప్పండి. రేపు పొద్దున కొళాయి తిప్పే ముందు మాత్రం, ఉమ్మినదాని రంగు ఒక్కసారి చూడండి.