అంతర్రాష్ట్ర వలస కార్మికులు: 1979 చట్టం నుండి కొత్త లేబర్ కోడ్ వరకు

ఉపాధి నిమిత్తం రాష్ట్రం దాటి వెళ్లే కార్మికుల రక్షణకు పార్లమెంటు 1979లో ప్రత్యేక చట్టం చేసింది. ముందస్తు సొమ్ము ముట్టజెప్పి ఒడిశా కూలీలను 'దాదన్' పేరిట దూర ప్రాంతాలకు తరలించే పద్ధతిలో సాగిన దోపిడీ దీనికి ప్రధాన ప్రేరణ. గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టల పనులకు పొరుగు రాష్ట్రాలకు తరలిన పాలమూరు కూలీల స్థితీ ఇందుకు భిన్నం కాదు.

1980 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం ఐదుగురు లేదా అంతకు మించి ఇట్టి కార్మికులున్న సంస్థలు రిజిస్ట్రేషను, కాంట్రాక్టర్లు లైసెన్సు పొందవలసి ఉండేది. ఫోటోతో కూడిన పాసుపుస్తకం, రానుపోను ప్రయాణ భత్యం, వసతి, ఉచిత వైద్యం విధిగా కల్పించాలి. నెల వేతనంలో సగం లేదా రూ.75, ఏది అధికమైతే అది, స్థానభ్రంశ భత్యంగా చెల్లించాలి. ఆ మొత్తాన్ని తిరిగి రాబట్టరాదు. కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమాని బాధ్యత వహించాలి.

నిబంధనలు పటిష్టంగానే ఉన్నప్పటికీ నిర్వచనం ఇరుకైనది. కాంట్రాక్టరు ద్వారా నియమితులైన వారికే చట్టం వర్తించింది. స్వయంగా రైలెక్కి వచ్చి పని వెదుక్కున్నవారు దాని పరిధిలోకి రాలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినపుడు వేలాది కుటుంబాలు కాలినడకన స్వగ్రామాలకు బయలుదేరగా, వారి వివరాలు తెలిపే సమగ్ర రికార్డు ఎక్కడా లేకపోయింది. ఈ అంశాన్ని స్వయంగా విచారణకు స్వీకరించిన సుప్రీంకోర్టు 2021 జూన్ 29న తీర్పు వెలువరించింది. అసంఘటిత కార్మికుల నమోదుకై ఈ-శ్రమ్ పోర్టల్ అదే ఏడాది ఆగస్టు 26న ప్రారంభమైంది.

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020 పాత చట్టాన్ని తనలో విలీనం చేసుకొని 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. నెలకు రూ.18,000 మించని వేతనం పొందుతూ స్వయంగా వచ్చినవారు సైతం ఇపుడు అంతర్రాష్ట్ర వలస కార్మికులే. రేషను సరుకులను స్వరాష్ట్రంలో గాని, పనిచేయుచున్న రాష్ట్రంలో గాని పొందే వీలు కల్పించబడింది.

కాగా, సంస్థల పరిమితి ఐదుగురి నుండి పదిమందికి పెరిగింది. స్థానభ్రంశ భత్యం తొలగిపోయింది. చిన్న పనిస్థలాలలోని వారికి ఇది నష్టమేనని చెప్పక తప్పదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఇటుక బట్టీలకు ఒడిశా నుండి వచ్చే కుటుంబాల విషయంలో మరొక చిక్కు ఉంది. భార్యాభర్తలను ఒక జతగా లెక్కించి, ఇద్దరికీ కలిపి అడ్వాన్సు ఇచ్చే ఆనవాయితీ వల్ల భార్య పేరు రిజిస్టరుకెక్కడం అరుదు. తనిఖీ అధికారులు మొదట పరిశీలించవలసినది ఇదే. ప్రాణాంతక ప్రమాదం లేదా తీవ్ర గాయం సంభవించినపుడు ఉభయ రాష్ట్రాల అధికారులకు, దగ్గరి బంధువులకు యాజమాన్యం తెలియజేయాలన్న నిబంధన పేరు నమోదైన కార్మికురాలి విషయంలోనే సక్రమంగా అమలు కాగలదు.