చదివి వినిపించిన మస్టరు

'ఆడిట్' అన్న ఆంగ్లపదానికి మూలం లాటిన్‌లో 'వినుట' అనే అర్థమిచ్చే క్రియ. పూర్వం లెక్కలు పైకి చదువుతుంటే పెద్దలు విని ఒప్పుకునేవారు. మన 'తనిఖీ'లో ఆ ధ్వని లేదు. పిడకల వేట అనుకోకండి, అసలు కథ ఈ వినడంలోనే ఉంది.

1994 డిసెంబరు 2న రాజస్థాన్‌లోని పాలీ జిల్లా కోట్‌కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ తొలి 'జన్ సున్‌వాయీ' జరిపింది. పంచాయతీ పనుల మస్టర్లను ఊరి మధ్య పైకి చదివారు. పని చేయనివారి పేర్లు బయటపడ్డాయి. అక్షరం రాని కూలీ సైతం తన పేరు చెవినపడితే అబద్ధాన్ని పట్టుకోగలదు! 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా, 2005లో సమాచారహక్కు చట్టం ఆ దారిలోనివే. అదే ఏడాది వచ్చిన ఉపాధిహామీ చట్టం పదిహేడవ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది.

ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయింది. కాగితం మీద ఉపాధిహామీ. జనం నోట మాత్రం 'కరువు పని'. చెరువు పూడిక, వాగుకట్టలు, బీడుభూముల చదును దాని పనులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పనిపై తానే తనిఖీ పెట్టించడం, 2009లో అందుకొక ప్రత్యేక సొసైటీ నెలకొల్పడం విశేషమే.

నన్ను ఆకట్టుకున్నది ఆ ఏర్పాటులోని లోకజ్ఞానం. రేపు పని అడగవలసింది ఫీల్డ్ అసిస్టెంటునే. అతని ఎదుట కూలీ నోరు విప్పేదెలా? అందుకే చదువుకున్న కూలీబిడ్డలకు శిక్షణనిచ్చి, సొంత ఊరికి కాక పక్క ఊళ్ళకు పంపారు. వారు ఇల్లిల్లూ తిరిగి, మస్టరులోని పనిదినాలను, పోస్టాఫీసు పాసుపుస్తకంలోని కూలీని మనిషి నోటిమాటతో సరిచూసేవారు. టేపు పట్టి గుంతలు కొలిచేవారు. గ్రామసభ అయ్యాక మండలకేంద్రంలో ప్రజావేదిక. అక్కడ అధికారుల ఎదుటే ఆ లెక్కంతా మళ్ళీ చదివేవారు.

అయితే నా మటుకు నాకు ఒక అసంతృప్తి. తనిఖీ ఎక్కువగా డబ్బు చుట్టూనే తిరిగింది. ఎంత పూడిక తీశారన్నది తేలింది. ఆ చెరువులో నీరు ఎన్నాళ్ళు నిలిచిందన్న ప్రశ్న వెనకబడింది. దొంగపేర్లు దొరికినంత సులువుగా సామగ్రి బిల్లుల్లోని మాయ దొరకలేదు. వేటు తరచుగా ఫీల్డ్ అసిస్టెంట్లపైనే పడింది. తేలిన సొమ్ములో ఖజానాకు తిరిగి చేరింది స్వల్పభాగమే.