నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత పరిశోధనలు: ఉల్లేఖనల లెక్క, కర్తృత్వ గుర్తింపు

ఒక పరిశోధన పత్రాన్ని తర్వాత వచ్చిన పత్రాలు ఎన్నిసార్లు ప్రస్తావించాయో లెక్కగట్టి, దాన్నిబట్టి ఆ పత్రానికీ రచయితకూ పత్రికకూ విలువ కట్టడాన్ని ఉల్లేఖన గణన అంటారు. విశ్వవిద్యాలయాల వాడుకలో ఇది 'సైటేషన్ల లెక్క'. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో ఈ పద్ధతి స్థిరపడింది. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్, 2005లో హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచిక వచ్చాక అధ్యాపకుల పదోన్నతుల దాకా పాకింది. నేటి నంద్యాల జిల్లా పరిధిలోని గుహలు, బూడిద పొరలు, గ్రామ చరిత్రలు, విత్తనాలు రెండు శతాబ్దాలుగా పండితుల రాతల్లోకి ఎక్కుతూనే ఉన్నాయి. ఆ రాతల్లో ఎవరి పేరు నిలిచింది, ఎవరిది జారిపోయింది అన్నది ఇక్కడి విషయం.

బిలసర్గం గుహలు

బేతంచెర్ల సమీపంలోని బిలసర్గం సున్నపురాతి గుహల్లో శిలాజ ఎముకలు ఉన్నాయని మొదట అచ్చులో చెప్పింది కెప్టెన్ న్యూబోల్డ్. 1844లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చిన ఆయన రచన చిన్న టిప్పణి మాత్రమే. దాదాపు 40 ఏళ్లు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ దృష్టి దానిమీద పడి, అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌ ద్వారా కదలిక వచ్చాక, భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలో గుహలను పరిశీలించారు. ప్రాక్చరిత్ర పుస్తకాల్లో బిలసర్గం పేరు వచ్చినచోటల్లా ఫుట్ పేరే ముందు వస్తుంది. న్యూబోల్డ్ పేరు పాదసూచికల్లో మిగిలింది.

తవ్వకం విషయంలో మరో చిక్కు ఉంది. ఫుట్ స్వయంగా చేసింది ప్రధానంగా తొలి పరిశీలన. తర్వాతి తవ్వకాల్లో అధిక భాగం ఆయన కుమారుడు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ బ్రూస్ ఫుట్ జరిపించినవి. 1884, 1885 సంవత్సరాల సర్వేక్షణ శాఖ రికార్డుల్లో వెలువడిన రెండు నివేదికల శీర్షికలే ఈ సంగతి చెబుతాయి. ఒకటి హెచ్.బి. ఫుట్ బిలసర్గంలో చేసిన పని గురించి, మరొకటి ఆయన కొనసాగించిన తవ్వకాల ఫలితాల గురించి. రెండింటికీ రచయితగా ఉన్నది తండ్రి. తండ్రి ఏమీ దాచలేదు, కొడుకు పేరును శీర్షికలోనే పెట్టారు. అయినా ఉల్లేఖన పద్ధతి శీర్షికను లెక్కలోకి తీసుకోదు, రచయిత గడినే చూస్తుంది. అందువల్ల ఆ శ్రమ మొత్తం ఆర్.బి. ఫుట్ ఖాతాలో జమ అవుతోంది. 'ఫుట్ తవ్వారు' అని ఏకవచనంలో రాసే అలవాటు కంటే 'ఫుట్ తండ్రీకొడుకులు' అని రాయడమే ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

ఎముకలు మూడో చేతికి వెళ్లాయి. రిచర్డ్ లిడెకర్ వాటిని పరిశీలించి 1886లో వర్ణించారు. కొన్ని కొత్త జాతులుగా తోచినవాటికి కర్నూలు పేరు పెట్టారు. రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అలాంటిదే. జంతుశాస్త్ర సంప్రదాయం ప్రకారం జాతి పేరు పక్కన వర్ణించినవారి పేరు వస్తుంది కాబట్టి అక్కడ లిడెకర్ ఉంటారు. గుహలో ఎముక బయటికి తీసిన మనిషికి ఆ వరుసలో చోటు లేదు. మట్టి తవ్వి జల్లెడ పట్టిన కూలీల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఫుట్ నివేదించిన ఎముక పనిముట్ల మీద తర్వాతి పరిశోధకులు సందేహాలు వ్యక్తం చేశారు. ఎం.ఎల్.కె. మూర్తి 1970లలో ముచ్చట్ల చింతమాను గవిలో జరిపిన తవ్వకాలు ఈ ప్రాంతపు గుహలను మళ్లీ చర్చలోకి తెచ్చాయి. మైకేల్ హాస్లమ్, రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా ప్రభృతులు 2010లో బిలసర్గం పరిశోధన చరిత్రనంతా తిరగతోడి విపులమైన వ్యాసం ప్రచురించారు. పాతవారికి దక్కవలసిన పేరును ఓపికగా వెతికి ఇచ్చిన రచనగా దీనికి ప్రత్యేక గౌరవం ఉండాలి. 2014లో ప్యాట్రిక్ రాబర్ట్స్, సహచరులు గత 2,00,000 ఏళ్ల క్షీరదాల కొనసాగింపు గురించి రాసిన పత్రానికి కూడా ఈ గుహల ఎముకలే ఆధారం.

జ్వాలాపురం

బనగానపల్లె సమీపాన జుర్రేరు లోయలోని జ్వాలాపురం ఈ ప్రాంతం నుంచి అంతర్జాతీయ చర్చలోకి అత్యంత బలంగా ప్రవేశించిన స్థలం. ఇండోనేసియాలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన బూడిద ఇక్కడ పొరగా పేరుకుంది. ఆ విస్ఫోటనం 74,000 ఏళ్ల కిందటిదని సాధారణంగా రాస్తారు. తెల్లగా, మెత్తగా ఉండే ఈ బూడిదను శుభ్రపరిచే పొడుల తయారీకి స్థానికులు తవ్వి అమ్మేవారు. ఆ గుంతల గోడల్లోనే పొరల వరుస కంటికి కనబడింది.

2007 జులైలో 'సైన్స్' పత్రికలో వచ్చిన పత్రం, బూడిదకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు ఒకే సంప్రదాయానికి చెందినవని వాదించింది. కింది పొరకు 77,000 ఏళ్లు (6,000 అటూ ఇటూగా), పై పొరకు 74,000 ఏళ్లు (7,000 అటూ ఇటూగా) అని కాలనిర్ణయం చేసింది. పత్రానికి రచయితలు 14 మంది. మొదటి పేరు అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న పెట్రాగ్లియాది, రెండోది ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన కోరిశెట్టర్‌ది. నలుగురైదుగురు మించితే మొదటి పేరు రాసి 'తదితరులు' అనడం పరిపాటి కాబట్టి, అనేక చోట్ల కనబడేది ఒక్క పేరే. ఈ ప్రాంతపు గుహలూ లోయలూ ఏళ్ల తరబడి నడిచి చూసిన కోరిశెట్టర్ పాత్ర ఆ ఒక్క మాట వెనక మరుగున పడుతోంది.

ఈ పత్రాన్ని ఉదహరించిన వారందరూ దాన్ని ఒప్పుకున్నవారు కారు. పాల్ మెల్లర్స్, సహచరులు 2013లో దాన్ని ఖండిస్తూ రాశారు. ఆధునిక మానవులు టోబా తర్వాతే భారత ఉపఖండానికి వచ్చారని వారి మతం. సూచీల్లో సమర్థనా ఒకటే, ఖండనా ఒకటే, రెండూ అంకెను పెంచుతాయి. జుర్రేరు లోయ పనిముట్లను అంగుళం అంగుళం పరిశీలించిన క్రిస్ క్లార్క్‌సన్ బృందం 2012లో రాసిన పత్రాన్ని ఈ వాదంలో ముందుగా చదవాలి.

అహోబిలం కైఫీయతు

ఆళ్లగడ్డ వైపు చెప్పుకోదగ్గ ఉదాహరణ పాతది. కర్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన గ్రామ చరిత్రల్లో అహోబిలం కైఫీయతు ఒకటి. ఆలయ చరిత్ర రాసినవారు దీన్ని 'మెకంజీ సేకరణ' అనే పేరుతోనే ఉదహరిస్తారు. ఊరూరా తిరిగి కరణాల నోటి మాటలు, తాతల నాటి కవిలెలు సేకరించింది మాత్రం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వారి కింది గుమాస్తాలూ. బొర్రయ్య 1803లోనే చనిపోయారు. 1821లో మెకంజీ మరణించాక ఆ పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరితే, 1830లలో ఆసియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ తోసిపుచ్చారు. సేకరణ చేయగలిగినవారికి దాని మీద రాసే అర్హత లేదని తీర్పు ఇవ్వడం అన్యాయం. ఆ అన్యాయం నేటికీ పాదసూచికల్లో కొనసాగుతోంది.

విత్తనానికి ఉల్లేఖన లేదు

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నాటిది. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. పత్తి, జొన్న, శనగ, కొర్ర, వరి రకాల్లో దీని పేరు రైతులకు సుపరిచితం. ఎన్.టి.జె. అంటే నంద్యాల తెల్ల జొన్న, ఎన్.బి.ఇ.జి. అంటే నంద్యాల శనగ. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్.బి.ఇ.జి. 47 'ధీర'గా, వరిలో ఎన్.డి.ఎల్.ఆర్. 7 'నంద్యాల సన్నాలు'గా చలామణిలో ఉన్నాయి. ఒక రకం రూపొందడానికి పదేళ్ల పైచిలుకు పడుతుంది. దాన్ని వేల ఎకరాల్లో వేసినా రైతు పత్రం రాయడు కాబట్టి సైటేషన్ పడదు. రకం పేరులో పరిశోధన స్థానం పేరు నిలుస్తుంది, ప్రజనన శాస్త్రవేత్త పేరు విడుదల పత్రాలకే పరిమితం. సైటేషన్ల లెక్కతో ఈ స్థానం విలువ తేల్చడం తప్పు కొలమానం.

పేర్ల తికమక, మార్కుల లెక్క

ఇంటిపేరు ముందు రాసే తెలుగు పద్ధతికీ చివరి పేరును ఇంటిపేరుగా తీసుకునే సూచీలకూ పొత్తు కుదరదు. కలరిమెట్రీతో భాస్వరాన్ని కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి (1925) జీవరసాయన శాస్త్రంలో విస్తృతంగా ఉదహరించబడిన వాటిలో ఒకటి. అందులో యల్లాప్రగడ అనే ఇంటిపేరు పొడి అక్షరంగా మారి, సుబ్బారావు అన్న పేరే ఇంటిపేరై కూర్చుంది. రెడ్డి, రావు అన్న మాటలతో ముగిసే పేర్లు వందలాదిగా ఉన్న రాయలసీమ కళాశాలల్లో ఒకరి పత్రాలు మరొకరి ఖాతాలో కలిసిపోవడం మామూలే. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే, 2012లో మొదలైన ఓర్సిడ్ గుర్తింపు సంఖ్య దీనికి ప్రస్తుతం ఉన్న మెరుగైన విరుగుడు.

అధ్యాపకుల పదోన్నతులకు సంబంధించిన యు.జి.సి. 2010 నిబంధనల్లో ఒక పత్రానికి వచ్చే మార్కులలో 60 శాతం ప్రథమ రచయిత, బాధ్య రచయిత లేదా గైడు పంచుకోవాల్సి ఉండేది, మిగతా 40 శాతం తక్కినవారికి. మొత్తం 100 దాటేది కాదు. 2018 నిబంధనల్లో ఇద్దరే అయితే చెరి 70 శాతం, అంతకు మించితే ప్రధాన రచయితకు 70, సహ రచయితల్లో ఒక్కొక్కరికీ 30. జ్వాలాపురం పత్రంలా 14 మంది ఉండి, ప్రథమ రచయితే బాధ్య రచయిత అయితే మొత్తం 460 శాతం అవుతుంది. పేర్లు పెంచుకుంటూ పోవడానికి ఈ సూత్రమే దారి తీస్తుందన్న విమర్శలో బలం ఉంది. పత్రికల నాణ్యత కోసం తెచ్చిన కేర్ జాబితాను యు.జి.సి. రద్దు చేసినట్లు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది.

వెతికేవారికి

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు వచ్చిన పత్రాలు సాధారణంగా బిలసర్గాన్నీ జ్వాలాపురాన్నీ అహోబిలాన్నీ కర్నూలు జిల్లాలోనివిగానే పేర్కొంటాయి. విలియం కింగ్ 1872 నివేదిక నుంచి నేటి వరకు ఇక్కడి శిలా వరుసలకు బనగానపల్లె, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల పేర్లున్నా, మొత్తాన్ని కర్నూలు సముదాయమనే అంటారు. ఈ ప్రాంతపు పరిశోధనలు వెతికేవారు రెండు జిల్లాల పేర్లతోనూ, ఆంగ్ల వర్ణక్రమాల్లోని తేడాలన్నిటితోనూ వెతకాలి.